నూర్జహాన్ పండ్ల కత్తీ, పేరు లేని ఉక్కూ

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళిన చాలామంది గంటలు కొట్టే గడియారం దగ్గరా, మేలిముసుగు రెబెక్కా దగ్గరా నిలబడి, కాళ్ళు నొప్పి పుట్టి ఇంటికొచ్చేస్తారు. జేడ్ రాతి వస్తువుల గది వరకు ఓపిక ఉన్నవాళ్ళకి అక్కడ రెండు చిన్న వస్తువులు కనిపిస్తాయి. ఒకటి జహంగీర్ బాకు. రెండోది నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి అని చెప్తారు. ముదురు ఆకుపచ్చ జేడ్ మీద కెంపులూ పచ్చలూ పొదిగారు. మన వంటింట్లో నాలుగు రోజులకోసారి ఎక్కడ పెట్టామో వెతుక్కునే పండ్ల చాకు లాంటిదే అదీను, కాకపోతే యజమానురాలు వేరు.

ఆ అద్దం ముందు నిలబడ్డవాళ్ళని గమనించండి. అందరి చూపూ పిడి మీదే. ఎన్ని కెంపులు, ఎంత ఖరీదు ఉంటుంది, దొంగలెవరూ రారా, ఇవే మాటలు. ఆ అలుగు దేనితో చేశారు, ఆ ఇనుము ఏ ఊరిది అని అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. చాలా రోజులు నేనూ అడగలేదనుకోండి. అడగాలనిపించింది మా అక్క కొడుకు వల్ల.

వాడు టెక్సాస్‌లో ఉంటాడు. ఉద్యోగం కంప్యూటర్ ముందు, సరదా కత్తుల మీద. స్టాంపులు దాచుకునేవాళ్ళని చూశాం, నాణేలు దాచుకునేవాళ్ళని చూశాం. వీడు కత్తులు దాచుకుంటాడు. మడత చాకులు, వేట కత్తులు, జపాన్ వంటింటి కత్తులు, అన్నీ వెల్వెట్ పరిచిన సొరుగుల్లో పడుకుని ఉంటాయి. కొత్తది వచ్చినప్పుడల్లా వీడియో కాల్ చేసి "పిన్నీ, ఇది చూడు" అంటాడు. పక్కనుంచి మా అక్క, "ఉన్న వాటితో ఒక్క వంకాయ తరిగాడేమో అడుగు" అంటుంది. ఒకసారి పార్సిల్ శనివారం వచ్చింది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదని మా అక్క ఆ డబ్బాని గరాజ్‌లోనే ఉంచి, ఆదివారం పొద్దున స్నానం చేశాక విప్పనిచ్చింది. పోస్టు వాడికేం తెలుస్తుంది మన శనివారాలు!

ఇంత సరదా ఏమిటిరా అని నవ్వుకుంటాం గానీ, కత్తుల పిచ్చి ఈనాటిది కాదు. చరిత్రలో దీనికి పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయి. ఆ జహంగీర్ సంగతే తీసుకోండి. 1621 ఏప్రిల్‌లో జలంధర్ దగ్గర ఆకాశం నుంచి పెద్ద చప్పుడుతో ఒక ఉల్క పడింది. నేల కాలిపోయింది. అక్కడి అధికారి తవ్విస్తే, లోపలికి వెళ్ళే కొద్దీ వేడి పెరిగి, చివరకి ఒక ఇనప ముద్ద దొరికింది. దాన్ని చక్రవర్తి దగ్గరికి పంపారు. తూకం వేస్తే 160 తులాలు. వేరే రాజైతే శాంతి చేయించేవాడేమో. జహంగీర్ మాత్రం దావూద్ అనే ఉస్తాదుని పిలిచి, దీంతో కత్తులు చెయ్యమన్నాడు. ఉత్త ఉల్క ఇనుము సుత్తి దెబ్బకి నిలవలేదు, ముక్కలైపోయింది. మూడు పాళ్ళు ఉల్క ఇనుము, ఒక పాలు మామూలు ఇనుము కలిపితే కుదిరింది. రెండు పెద్ద కత్తులు, ఒక బాకు, ఒక చాకు తయారయ్యాయి. ఇదంతా జహంగీర్ తన జ్ఞాపకాల్లో తానే రాసుకున్నాడు. ఆ చాకు ఇప్పుడు అమెరికాలో, వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. జానెడు కన్నా కాస్త పొడవు, దాని మీద బంగారంతో అక్షరాలు.

కొత్త వస్తువు చేతికొచ్చిన సంబరంతో, పడిన రోజు, తూకం, కలిపిన పాళ్ళు, చేసినవాడి పేరు సహా రాసిపెట్టుకున్నాడు చూడండి. మా వాడూ అంతే. వాడి ఫోన్‌లో ఒక పట్టిక ఉంది. కత్తి పేరు, చేసినవాడి పేరు, ఉక్కు రకం, కొన్న తేదీ, ధర (ధర ఒక్కటి మాత్రం వాళ్ళమ్మకి కనపడకుండా).

ఆ పట్టికలో ఒక వరసలో 'డమాస్కస్' అని ఉంది. కత్తులు ఇష్టపడేవాళ్ళందరికీ ఆ మాట మీద మహా మోజు. అలుగు మీద నీళ్ళలో అలల్లాగా, చెక్క మీద రేఖల్లాగా సన్నని గీతలుంటాయి. వాడు మొదట కొన్నది ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మితే చవగ్గా వచ్చిందని తీసుకున్నది. నాలుగుసార్లు తోమేసరికి అలలన్నీ చెరిగిపోయి నున్నగా తేలింది. మామూలు స్టీలు మీద గీతలు పైపైన అచ్చేశారన్నమాట. తర్వాత అసలుది కొన్నానని చూపించాడు. రెండు మూడు రకాల ఉక్కు పలకల్ని పేర్చి, కాల్చి, సుత్తితో కొట్టి, మడిచి, మళ్ళీ కొట్టి చేస్తారట. మడతకాజా చేసినట్టే. కోసి చూస్తే పొరలు కనపడతాయి కదా, అలాగ. ఇప్పుడు బజార్లో డమాస్కస్ పేరుతో దొరికేవి చాలావరకు ఈ మడతకాజా కత్తులే. మంచివే, కష్టపడి చేసినవే. కానీ పాతకాలం నాటి డమాస్కస్ కత్తి ఇది కాదు.

పాతదానిలో పొరలు లేవు, మడతలు లేవు. ఒకటే ముద్ద. ఆ గీతలు లోపల్నుంచి వాటంతటవే పుట్టినవి. నాకిది అర్థమైంది నెయ్యి వల్ల. వెన్న కాచి, గిన్నెని గబగబా చల్లారిస్తే నెయ్యి మైనంలా గడ్డకడుతుంది. కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే చక్కగా పూస కడుతుంది. అదే నెయ్యి, చల్లారే తీరులో తేడా. ఈ ఉక్కు కూడా అంతే. ఇందులో కర్బనం ఎక్కువ, దాదాపు ఒకటిన్నర శాతం. కరిగించి, మెల్లగా చల్లారనిచ్చి, తర్వాత మరీ ఎర్రగా కాల్చకుండా జాగ్రత్తగా సాగగొడితే, కర్బనంతో కలిసిన గట్టి రేణువులు బారులు తీరతాయి. పుల్లటి ద్రావణం పూస్తే ఆ బారులు తెల్లగా, మిగిలింది నల్లగా తేలుతుంది. 17వ శతాబ్దంలో మన గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ కూడా, ఇలా గీతలు తేలే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని, పర్షియావాళ్ళు దానికి పూత పెట్టి గీతలు తేలుస్తారని రాశాడు.

అంటే ఊరు పేరు డమాస్కస్, ఉక్కు మనది! దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ ఈ ఉక్కు చేసేవారు. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని 'వూట్జ్' అన్నారు. తెలుగు కన్నడాల్లోని 'ఉక్కు' అనే మాటే వాళ్ళ నోట్లో పడి అలా అయిందని ఎక్కువమంది చెప్పే మాట. మన నోటికి వాళ్ళ పేర్లు తిరగవని వెక్కిరిస్తారు గానీ, రెండక్షరాల ఉక్కుని ఏం చేశారో చూడండి.

ఇక మనవైపు వస్తాను. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వెళ్ళే దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. ఊరి పేరులోనే కమ్మరి ఉన్నాడు. ఆ మండలంలోనే కోనసముద్రం అని ఒక ఊరుంది, నిజామాబాద్ జిల్లా. మా అత్తగారి వైపు చుట్టాలు ఆ చుట్టుపక్కల ఉన్నారు కాబట్టి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆ దారంట ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. పసుపు చేలు చూస్తూ వెళ్ళానే తప్ప, ఆ పక్క ఊరి పేరు లోహశాస్త్రం పుస్తకాల్లో ఉంటుందని బస్సులో ఎవరూ చెప్పలేదు.

1820ల మొదట్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు, భూగర్భ శాస్త్రం కూడా తెలిసినవాడు, ఈ ఊళ్ళో ఉక్కు ఎలా చేస్తున్నారో కళ్ళారా చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుము, ఒకటి మూడు పాళ్ళు, ఇంకొకటి రెండు పాళ్ళు కలిపి మూసలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో రాత్రీ పగలూ తిత్తులు ఊదుతూ కాల్చేవారట. ఇడ్లీకి ఒకటికి రెండు అన్నట్టు, వీళ్ళకీ కొలతలున్నాయి. కంపాసులూ థర్మామీటర్లూ లేవు. మంట రంగు చూసి, లోపల కరిగిందో లేదో తెలుసుకోవాలి. పాకం తీగ వచ్చిందో లేదో మనం వేళ్ళ మధ్య చూసుకున్నట్టు.

ఆ మూస సంగతి ఇంకా ముచ్చటైనది. బంకమట్టిలో వరి ఊక బాగా దట్టించి చేసేవారు. ఊక కాలిపోయి లోపల బొగ్గూ, సన్నటి బూడిదా మిగిలి, అంత వేడికీ మూస కూలిపోకుండా నిలబెట్టేది. ఇనుము కరిగే వేడిని వరిపొట్టు కలిపిన మట్టి తట్టుకోవడం అంటే మాటలు కాదు. సేలం వైపు ఉక్కు చేసే తీరు చూసినవాళ్ళు ఇంకో మాట కూడా రాశారు. మూసలో ఇనుముతో పాటు ఎండిన తంగేడు కట్టె ముక్కలు వేసి, పైన జిల్లేడాకులు కప్పేవారట. కర్బనం ఇనుములోకి ఎక్కేది ఆ కట్టె నుంచి, ఆకుల నుంచి. బతుకమ్మలో పేర్చే తంగేడు కట్టె ఒక కత్తికి పదును ఇచ్చిందంటే, మొదటిసారి చదివినప్పుడు నేను మా ఇంట్లో అందరినీ పిలిచి చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, క్రికెట్ వస్తోంది.

వాయ్సీ వెళ్ళేసరికి కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు ఉన్నాడు. పేరు హాజీ హుసేన్. ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కమ్మర్‌పల్లి! అంత దూరం నుంచి వచ్చి, ఉక్కు ముద్దల్ని పరీక్షించి కొనుక్కెళ్ళడం ఆయన పని. మా దేశంలోనూ ఇలా చెయ్యబోయారు, కుదరలేదు అని వాయ్సీతో చెప్పాడు. అరచేతిలో పట్టే ఆ ముద్దలు బండ్ల మీద, ఓడల మీద పర్షియా చేరేవి. అక్కడి కమ్మరులు వాటిని సాగగొట్టి కత్తి చేసేవారు. ఇస్ఫహాన్ కత్తుల్లో అసదుల్లా పేరున్న కత్తికి విలువ ఎంతంటే, తర్వాత రెండు మూడు తరాలు వేరేవాళ్ళు చేసిన కత్తుల మీద కూడా ఆయన పేరే చెక్కుకున్నారు. ఇప్పటి వేలంపాటల్లో అది అసలు సంతకమా నకిలీదా అని తెగ వాదించుకుంటారు.

నాకు మనసులో గుచ్చుకునేది ఇక్కడే. కొన్న హాజీ హుసేన్ పేరు మిగిలింది. చూసి రాసిన వాయ్సీ పేరు మిగిలింది. సాగగొట్టిన అసదుల్లా పేరు బంగారంలో మిగిలింది. మధ్యలో మజిలీ చేసిన డమాస్కస్ ఊరి పేరైతే ఏకంగా ఉక్కుకే పెట్టేశారు. ఊకా మట్టీ పిసికి మూస చేసినవాళ్ళ పేరు, రాత్రంతా మేలుకుని తిత్తి ఊదినవాళ్ళ పేరు ఏ పట్టికలోనూ లేవు. ఆ మట్టి పిసికిన చేతుల్లో ఆడవాళ్ళవి ఉండవంటారా? కుమ్మరింట్లో గానీ కమ్మరింట్లో గానీ ఆడవాళ్ళ చెయ్యి లేకుండా పని నడిచిన ఊరు నేను చూడలేదు. ఇది నా ఊహే, ఎవరూ రాసింది కాదు.

ఇంగ్లండు దాకా వెళ్ళిన ముద్దల కథ వేరు. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ స్కాట్ కొన్ని వూట్జ్ ముద్దల్ని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. లండన్‌లో స్టొడార్ట్ అనే చాకుల తయారీదారు దాన్ని కాల్చి మొట్టమొదట ఏం చేశాడనుకున్నారు? ఈక కలం చెక్కుకునే చాకు! అది అక్కడి మేలురకం ఉక్కు చాకుతో సమానంగా తెగిందని 1795లో డాక్టర్ పియర్సన్ రాసిన వ్యాసంలో ఉంది. తర్వాత స్టొడార్ట్ ఆపరేషన్ కత్తులు కూడా వూట్జ్‌తో చేసి, యూరప్ ఉక్కు కంటే ఇదే మేలని తన దుకాణం కార్డు మీదే వేసుకున్నాడు.

ఆ స్టొడార్ట్‌తో కలిసి పనిచేసిన కుర్రవాడు మైకేల్ ఫారడే. మన పిల్లలు విద్యుత్తు పాఠంలో చదువుకునే ఫారడేనే. ఆయన నాన్న కమ్మరి. కొలిమి వాసన మధ్య పెరిగినవాడు కాబట్టేనేమో, 1819 నుంచి వూట్జ్‌లో ఏముందో పట్టుకోవాలని తంటాలు పడ్డాడు. అల్యూమినియం ఉందనుకున్నాడు, అది తప్పు. కానీ ఆ వెతుకులాటలో ఉక్కులో వెండి, ప్లాటినం, ఇంకా ఏవేవో కలిపి ఎన్నో నమూనాలు చేశాడు. అవి ఒక చెక్కపెట్టెలో 79 ముక్కలుగా మిగిలితే, 1931లో హాడ్‌ఫీల్డ్ అనే ఉక్కు శాస్త్రజ్ఞుడు వాటిని మళ్ళీ పరీక్షించి పుస్తకం వేశాడు. రష్యాలో అనోసోవ్ కూడా ఇదే రహస్యం మీద ఏళ్ళ తరబడి కూర్చుని 1841లో పుస్తకం రాశాడు. మనవాళ్ళు ఊకతో, కట్టెపుల్లలతో చేసినదాన్ని అర్థం చేసుకోవడానికి అంతమంది కూర్చోవలసి వచ్చింది.

మరి మన ఊళ్ళో ఏమైంది? ఒక్క దెబ్బతో పోలేదు. షెఫీల్డ్ ఉక్కు ఓడల్లో చవగ్గా దిగింది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక టన్నుల లెక్కన ఉక్కు తయారైంది. బొగ్గుకి అడవి కావాలి, అడవి మీద ఆంక్షలొచ్చాయి. కత్తుల కాలం పోయి తుపాకుల కాలం వచ్చింది. కొనడానికి హాజీలు రావడం మానేశాక ఎవరి కోసం ఊదాలి తిత్తి? అమెరికాలో వెర్హోవెన్ అనే ప్రొఫెసరు, గుర్రాలకి నాడాలు కొట్టే పెండ్రే అనే కత్తుల మేస్త్రీ కలిసి 1990లలో ఇలాంటి ఉక్కుని మళ్ళీ చేసి చూపించారు. ఖనిజంలో వెనేడియం లాంటివి చిటికెలో చిటికెడు ఉంటేనే గీతలు సరిగా తేలుతున్నాయని వాళ్ళు తేల్చారు. ఆ ఖనిజం దొరికే చోటు మారిపోయేసరికి, అదే పద్ధతిలో చేసినా గీతలు రాక, ఎందుకు రావట్లేదో తెలియక కమ్మరులు వదిలేసి ఉంటారని వాళ్ళ వాదన. ఈ మాట చదివాక నాకు చాలాసేపు ఎలాగో అనిపించింది. తాతలు చేసినట్టే చేస్తున్నాడు, ఒక్క అడుగూ తప్పలేదు, అయినా రావట్లేదు. కొడుక్కి ఏమని చెప్పి ఉంటాడు?

వస్తువు మారినా మనింట్లో ఇనుము మీద మర్యాద మాత్రం పోలేదు. బాలింత మంచం దగ్గర ఇనప ముక్క పెడతాం. కత్తి చేతికి చెయ్యి ఇవ్వం, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. మా అత్తగారి కత్తిపీట ఆవకాయ ముక్కలు కొట్టిన రోజున నల్లబడేది. తుడిచి, ఆరబెట్టి, కాస్త నూనె రాసి పెట్టేవారు. మామిడి పులుపుకి ఆ అలుగు మీద నీలం, గోధుమ రంగు మచ్చలు తేలేవి. స్టెయిన్‌లెస్ వచ్చాక ఆ బాధ పోయింది, ఆ పదునూ పోయింది. మా వాడికి ఆ కత్తిపీట ఫోటో పంపిస్తే, "పిన్నీ, ఇలాంటి మచ్చల కోసం మావాళ్ళు కొత్త కత్తిని ఆవాల ముద్దలో, వెనిగర్‌లో నానబెట్టుకుంటారు" అన్నాడు. మా అత్తగారు వింటే ఏమనేవారో!

కోనసముద్రం కథ వాడికి ఫోన్లో రెండు మూడు రోజులు విడతలు విడతలుగా చెప్పాను. వాడికి వూట్జ్ అంటే తెలుసు, దాని ధర తెలుసు, అది చేసే అమెరికా మేస్త్రీల పేర్లన్నీ తెలుసు. ఆ ఊరు మా అత్తగారింటి పక్కనే ఉందని తెలియదు. ఆ చుట్టుపక్కల పరిశోధకులు తిరిగి, మూసల పెంకులూ చిట్టెపు కుప్పలూ చూసి రాశారనీ, 2010లో బెంగుళూరు నుంచీ ఇంగ్లండు నుంచీ వచ్చి ఇక్కడివాళ్ళతో కలిసి తెలంగాణ ఊళ్ళన్నీ గాలించారనీ చెప్తే, ఈసారి ఇండియా వచ్చినప్పుడు తీసుకెళ్ళమన్నాడు. వాళ్ళమ్మ పక్కనుంచి, "పెంకుముక్కలు కూడా తెస్తాడు ఇక" అంది.

ఈ మధ్య వాడి పట్టికలో కొత్త వరస చేరింది, ఇంకా చేతికి రాలేదు. అక్కడి మేస్త్రీ ఒకాయన వూట్జ్ ముద్ద తానే కరిగించి చేస్తాడట. ఆయనకి చిన్న కూరగాయల కత్తి పురమాయించాడు. ఆరు నెలలు పడుతుంది. అలుగు మీద ఏదైనా పేరు వేస్తానన్నాడట ఆయన. వీడి పేరా, ఆయన పేరా అని నన్నడిగాడు. ఊరి పేరు తెలుగులో వెయ్యమన్నాను. నల్ల స్కెచ్ పెన్నుతో తెల్ల కాగితం మీద 'కోనసముద్రం' అని రాసి ఫోటో పంపాను. మేస్త్రీకి మన అక్షరాల గుండ్రదనం బాగా నచ్చిందట. కాకపోతే చివరి అక్షరం కింద వత్తుకి జాగా చాలడం లేదు, అలుగు సన్నం, కాస్త పైకి జరపవచ్చా అని అడిగాడు. మళ్ళీ రాశాను, ఈసారి అక్షరాలు చిన్నవి చేసి, వత్తుని పక్కకి దగ్గరగా. నిన్న రాత్రి పంపాను.